అమ్మకి రాత్రిళ్లు చెయ్యి తిమ్మిర్లు, మణికట్టు ఆపరేషన్ అంటున్నరు – ఎవరింట్లనన్న చేయించుకున్నరా?

మెట్‌పల్లి బిడ్డ:

అందరికి నమస్తే. జర పెద్ద పోస్ట్, ఓపికతోని చదవండి ప్లీజ్. మాది జగిత్యాల జిల్లా మెట్‌పల్లి దగ్గర పల్లె, నేను పెండ్లయినంక హైదరాబాద్‌ల ఉంటున్న. అడిగేది మా అమ్మ గురించి. అమ్మకి 49 ఏండ్లు, పెండ్లికి ముందు నుంచే బీడీలు చేస్తది, అంటే ముప్పై ఏండ్ల పైమాటే. మా ఫీజులు, చెల్లె పెండ్లి, ఇంటి మీద స్లాబు, అన్నీ ఆ చాటల నుంచే వచ్చినయి. ఇప్పటికి రోజుకు 600, 700 చేస్తది, టేకేదారు (ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు చేపిచ్చుకునే ఆయన) మాల్ ఎక్కువిచ్చిన రోజు వెయ్యి గుడ చేసేది.

ఏడాది సంది కుడిచెయ్యి తిమ్మిర్లు పడుతుంది. మొదట్ల పని ఎక్కువైన రోజే అనేది, మేము గుడ గట్లనే అనుకున్నం. మొన్న దసరాకు పోయి నాలుగు రోజులు ఉంటే తెలిసింది, రోజు రాత్రి రెండు మూడింటికి లేచి కూసుంటుంది, చెయ్యి మంచం పట్టె మీదికెల్లి కిందికి ఏలాడేసి గట్టిగ ఇదిలిస్తది, ఒక పది నిమిషాలు ఇదిలిచ్చి ఇదిలిచ్చి మళ్ల పండుకుంటది, మళ్ల గంటకు లేస్తది. పగలు చాయ్ గ్లాసు చేతిలకెల్లి జారిపోతుంది. బీడీకి దారం చుట్టేటప్పుడు దారం ఏళ్ల నడుమ ఉన్నదో లేదో తెలుస్తలేదు బిడ్డా, కండ్లతోని చూసుకుంట కట్టాలె అన్నది. అది విన్నప్పుడు నాకు మస్తు బాధైంది. ముప్పై ఏండ్లు టీవీ చూసుకుంట, ముచ్చట పెట్టుకుంట, చేతుల దిక్కు చూడకుండనే కట్టిన మనిషి.

ఊర్ల ఆర్‌ఎంపీ డాక్టర్ నరాల బలహీనత అని పది బీ12 సూదులు ఇచ్చిండు. తర్వాత టౌన్‌ల ఎముకల డాక్టర్ మెడ ఎక్స్‌రే తీపిచ్చి అరుగుదల ఉన్నది అని మెడకు పట్టా ఇచ్చిండు, మూడు నెలలు కట్టుకున్నది, ఏం తేడా లేదు. ఇప్పుడు కరీంనగర్‌ల నరాల డాక్టర్‌కు చూపిస్తే చేతికి కరెంట్ పెట్టి టెస్ట్ చేసి, కార్పల్ టన్నెల్ అంటరు దీన్ని, బాగ ముదిరింది, ఆపరేషన్ చేపిచ్చుకోండ్రి అన్నడు.

అమ్మ ఒప్పుకుంటలేదు. మణికట్టు కాడ కోస్తే చెయ్యి సచ్చువడిపోతదని వాడకట్టోళ్లు అందరు చెప్పిండ్రు. నాన్న నువ్వుల నూనె రాసి కాపడం పెడుతుండు. నాకు తెలియాల్సింది ఏందంటే, ఆపరేషన్ తప్పదా, సూదితోని పోతదా, చేసినంక మళ్ల బీడీలు చేయొచ్చా. ఎవరింట్లనన్న అయితే జర చెప్పండి.

మగ్గం అక్క:

అమ్మాయ్, మీ పోస్ట్ చదువుతుంటే నా కథే చదువుతున్నట్టు ఉంది. మాది రాజమండ్రి, మగ్గం వర్క్ చేస్తాను, పెళ్ళిళ్ళ సీజన్‌లో రోజుకి పన్నెండు గంటలు సూది పట్టుకునే కూర్చుంటాం. నాకు రెండు చేతులకీ వచ్చిందండి. 2019లో కుడిచేతికి ఆపరేషన్ చేయించుకున్నాను, ఎడమచేతికి అప్పటికి అంత ముదరలేదు కాబట్టి రాత్రి పట్టీ, ఒక ఇంజెక్షన్‌తో సరిపోయింది, ఇప్పటికీ బానే ఉంది.

చెయ్యి చచ్చుబడిపోతుందని నాకూ చెప్పారు, మా అత్తగారైతే ఏడ్చేశారు. నిజానికి ఆపరేషన్ చేయించుకోకుండా ఉంటేనే చచ్చుబడుతుంది. నాకు అరచేతిలోనే ఇంజెక్షన్ ఇచ్చి మొద్దుబారేలా చేశారు, మత్తు ఇవ్వలేదు, మెలకువగానే ఉన్నాను, కదపడం లాగడం తెలుస్తుంది గానీ నొప్పి లేదు, అదీ ఒక ఇరవై నిమిషాలు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఆ రాత్రి కోసిన చోట సలుపు ఉంది కానీ తిమ్మిరితో లేవలేదండి, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి తెల్లారేదాకా పడుకున్నాను. ఆ మాట మీ అమ్మగారికి చెప్పండి.

కష్టం ఎక్కడ ఉందంటే తర్వాత. కుట్లు పన్నెండు రోజులకి తీశారు, కానీ అరచెయ్యి మణికట్టు కలిసే చోట రెండు పక్కలా దిమ్మల్లా ఉంటాయి చూడండి, అక్కడ నొప్పి నాకు నాలుగు నెలలు ఉంది. చపాతీ పీట మీద చెయ్యి ఆనిస్తే ప్రాణం పోయేది. డాక్టర్‌గారు ముందే చెప్పారు గనక భయపడలేదు. మూడు నెలలకి మగ్గం దగ్గర కూర్చున్నాను, పట్టు పూర్తిగా రావడానికి ఆరు నెలలు పట్టింది. చూపుడువేలు కొస మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది, ఆలస్యం చేసినందుకు అది నాకు మిగిలింది. మీరు ఆలస్యం చేయొద్దు.

ఫిజియో కరీంనగర్:

చెల్లె, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, కరీంనగర్‌లనే. బీడీలు చేసేటోళ్ల చేతులు, టైలర్ల చేతులు, పత్తి ఏరేటోళ్ల చేతులు రోజు చూస్తుంటా కాబట్టి కొంచెం వివరంగ రాస్తా. నేను డాక్టర్‌ని కాదు, ఆపరేషన్ చేయాల్నా వద్దా అన్నది చూసిన డాక్టరే చెప్పాలె, కానీ ఇంట్ల మీరు చూసుకునేటియి కొన్ని ఉన్నయి.

మణికట్టు కాడ చిన్నచిన్న ఎముకలు గిన్నె లెక్క ఉంటయి, ఆ గిన్నె మీద మూత పెట్టినట్టు ఒక గట్టి పట్టీ ఉంటది. ఆ సందులకెల్లి ఏళ్లను ముడిచే 9 తాళ్లు పోతయి, వాటితోపాటు ఒక నరం పోతది, మీడియన్ నర్వ్ అంటరు. సందు ఎముకతోని కట్టింది కాబట్టి సాగదు. తాళ్ల మీది పొర వాచిందనుకో, జాగ లేక నలిగేది నరమే. బీడీ చేసేటప్పుడు చూడు, ఆకు చుట్టేటప్పుడు మణికట్టు లోపలికి ఒంగి ఉంటది, బొటనవేలు చూపుడువేలు గట్టిగ నొక్కిపట్టి ఉంటయి, మళ్ల అదే చేతితోని కత్తెర. రోజుకి 700 సార్లు. ఇది కంప్యూటర్ మౌస్‌తోని వచ్చే రోగం అని చాలమంది అనుకుంటరు, 1854లనే జేమ్స్ పాజెట్ అని ఇంగ్లండ్ సర్జన్ మణికట్టు కాడ ఈ నరం నలిగిన కేసు రాసిపెట్టిండు, అప్పుడు మౌస్ ఎక్కడిది.

ఇగ అసలు ముచ్చట, ఏ వేళ్లు తిమ్మిరి అయితున్నయో అమ్మను అడుగు. చెయ్యి మొత్తం అంటది, అందరు గట్లనే అంటరు. కండ్లు మూసుకోమని చెప్పి దూదితోని ఒక్కొక్క వేలు తాకి చూడు. కార్పల్ టన్నెల్ అయితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలుల సగం. ఆ ఉంగరంవేలునే చూడాలె, నడిమివేలు దిక్కున్న సగం మొద్దుగుండి చిటికెనవేలు దిక్కున్న సగం బాగుంటే అది మెడది కాదు, బీ12 తక్కువైంది గుడ కాదు, మణికట్టుదే అనుకోవచ్చు చానమట్టుకు. చిటికెనవేలు ఒక్కటే తిమ్మిరి అయితే అది వేరే నరం, మోచేయి కాడ నలుగుతది, ఫోన్ చెవుకు పెట్టుకుని గంటలు గంటలు మాట్లాడేటోళ్లకు వస్తుంటది. బీ12 తక్కువైతే మామూలుగ కాళ్లు గుడ తిమ్మిర్లు పడుతయి, రెండు దిక్కులా సమానంగ. మెడది అయితే మెడ తిప్పినప్పుడు నొప్పి జబ్బ మీదికెల్లి కిందికి గుంజుతది. 49 ఏండ్ల మనిషికి మెడ ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనవడకుండ ఉండుడే తక్కువ, అది కనవడ్డది కాబట్టి తిమ్మిరి దానితోనే అనుకోవద్దు.

ఇంకొకటి, ఇది చాల ముఖ్యం. పొద్దుగాల వెలుతురుల అమ్మ రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి చూడు. బొటనవేలు కింద బొద్దుగ కండ ఉంటది కదా, కుడిచేతిల అది ఎడమదానికన్న పల్లం అయిందా చూడు. చేత్తో నొక్కి చూడు మెత్తగ ఖాళీగ తగులుతుందా అని. పల్లం పడితే నరం ఎండిపోవుడు షురూ అయినట్టు, అప్పుడిక పట్టీలు సూదులు అనుకుంట నెలలు గడపొద్దు. కండ ఇంక ఉంటే మాత్రం టైం ఉన్నది, ముందు రాత్రిపూట పట్టీ పెట్టి చూడొచ్చు.

పట్టీ గురించి ఒక మాట. మెడికల్ షాపుల దొరికే మణికట్టు పట్టీల లోపల రేకు ఉంటది, చానమట్టుకు అది పైకి ఒంగి ఉంటది. ఆ రేకు బయటికి గుంజి చేత్తోని సాపుగ చేసి మళ్ల పెట్టాలె, మణికట్టు నిటారుగ ఉండాలె, పైకీ కిందికీ ఒంగొద్దు. రాత్రి పడుకునేటప్పుడు కట్టుకోవాలె, ఆరు వారాలన్న ఆగాలె, రెండు రోజులు కట్టి తగ్గలేదని మూలకేస్తే ఫాయిదా లేదు.

థైరాయిడ్, షుగర్ పరీక్షలు అయినయా? థైరాయిడ్ తక్కువున్నోళ్లకు, షుగర్ ఉన్నోళ్లకు, కడుపుతోని ఉన్నోళ్లకు ఇది ఎక్కువ వస్తది. చేపియ్యకపోతే రేపే చేపియ్యి.

చిన్నోడి అమ్మ:

సారీ అండి మధ్యలో దూరుతున్నాను, నాదీ చెయ్యే. మేము ప్లానోలో ఉంటాం, టెక్సస్. బాబుకి నాలుగు నెలలు. నాకు బొటనవేలి వైపు మణికట్టు దగ్గర విపరీతమైన నొప్పి, తిమ్మిరి ఏమీ లేదు, బాబుని ఎత్తుకోబోతే కత్తితో కోసినట్టు ఉంటుంది, డైపర్ మార్చాలన్నా, సీసా మూత తిప్పాలన్నా కళ్ళలో నీళ్ళొచ్చేస్తున్నాయి. మా అమ్మ వీసా అయిపోయి వెళ్ళిపోయింది, ఇంట్లో మేమిద్దరమే, ఈయన ఆఫీసుకి వెళ్తే పగలంతా నేనే ఎత్తుకోవాలి. బాలింతవి కదా చలిగాలి తగిలి వాతం చేసింది అంటోంది అమ్మ ఫోన్లో. ఇది కూడా కార్పల్ టన్నెలేనా? ఇక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకో మూడు వారాలకి దొరికింది, అప్పటిదాకా ఏం చేయాలి?

ఫిజియో కరీంనగర్:

సారీ ఎందుకండి, చెయ్యి నొప్పి అంటే ఇక్కడే అడగాలె. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కార్పల్ టన్నెల్ కాదు, డీ కర్వేన్ అంటరు, 1895ల ఫ్రిట్జ్ డీ కర్వేన్ అని స్విట్జర్లాండ్ సర్జన్ రాసిండు కాబట్టి ఆ పేరు. బొటనవేలును పైకి, పక్కకి లేపే రెండు తాళ్లు మణికట్టు పక్కన ఒక ఒరలకెల్లి పోతయి, ఆ ఒర మందమై బిగుసుకుంటది. అక్కడ నరం సంగతి లేదు కాబట్టి తిమ్మిరి ఉండదు, తాడు గుంజినప్పుడల్ల నొప్పే. బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించి, మెల్లగ చిటికెనవేలు దిక్కు మణికట్టు ఒంచి చూడండి. అందరికి కొంచెం గుంజుతది, మీకు ఆ ఒక్క జాగల ప్రాణం పోయేంత నొప్పి వస్తే అదే. ఒక్కసారి చాలు, మళ్ల మళ్ల చేసి చూడకండి.

ఎందుకొచ్చిందో చెప్తా. బాబుని ఎత్తేటప్పుడు రెండు చంకల కింద చేతులు పెట్టి బొటనవేళ్లు చాపి లేపుతరు కదా, బొటనవేలికి చూపుడువేలికి నడుమ ఆ బరువంత పడుతది. రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతరో లెక్కేసుకోండి, అదీ వారం వారం పెరిగే బరువు. ఇగ నుంచి ఒక అరచెయ్యి పిర్ర కింద, ఇంకొకటి మెడ ఈపు కింద, వెల్లకిల అరచేతులతోని చాట ఎత్తినట్టు ఎత్తండి, బొటనవేళ్లు ఏళ్ల పక్కకే ఉండాలె. పాలిచ్చేటప్పుడు తలకాయ బరువు మణికట్టు మీద కాకుండ మెత్త మీద పెట్టండి. మణికట్టు ఒక్కటి కట్టే పట్టీ మీకు పని చేయదు, బొటనవేలు గుడ కదలకుండ పట్టుకునే పట్టీ ఉంటది, థంబ్ స్పైకా అని అడగండి, అక్కడ మందుల షాపులల్ల దొరుకుతది. ఐస్ ఒక పది నిమిషాలు, బట్టలో చుట్టి.

తగ్గకపోతే డాక్టర్ ఆ ఒరల స్టెరాయిడ్ సూది ఇస్తరు, చానమందికి దానితోనే పోతది. పాలిస్తున్న సంగతి ముందే చెప్పండి. ఆ సూది తోలుకు దగ్గరగ పడితే మన రంగు చర్మం మీద ఆ జాగల తెల్ల మచ్చ పడొచ్చు, కొన్ని నెలలకు మెల్లగ కలిసిపోతది, అది చూసి బొల్లి అనుకుని భయపడినోళ్లను చూసిన. అమ్మగారికి చెప్పండి చలిగాలి కాదని, బాబు బరువని.

సారు అనంతపురం:

నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని, షుగర్ పద్దెనిమిదేండ్ల నుంచి ఉంది. మీరు చెప్పిన రెండూ కాకుండా నాది మూడో రకం, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. పొద్దున లేస్తానే కుడిచేతి ఉంగరంవేలు ముడుచుకుని ఉండేది, ఎంత తెరుద్దామన్నా రాదు, ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకునేది, ఆ టక్కు పక్క గదిలో మా ఇంటావిడకి వినపడేది. కీలు తొలిగిందేమో అనుకుని నేను కొన్నాళ్ళు వేలు సాగదీయించినా, అది తప్పు. ట్రిగ్గర్ ఫింగర్ అన్నారు. వేలు మొదట్లో అరచేతి గీత దగ్గర తాడుకి ఉంగరం లాంటి కట్టు ఉంటుందంట, తాడు మీద కంతి లేచి ఆ ఉంగరంలో ఇరుక్కుంటుంది. షుగర్ ఉన్నోళ్ళకి మామూలోళ్ళ కంటే చాలా ఎక్కువగా వస్తుందంట.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసినారు. వేలు బాగానే అయింది గానీ ఒక మాట ఎవరూ చెప్పలేదు, ఇంట్లో చూసుకుంటే మర్నాటికి షుగర్ 260కి పోయింది, నాలుగైదు రోజులు దిగలేదు, నేను హడలిపోయినా. తర్వాత అడిగితే ఆ ఇంజెక్షన్‌తో షుగరోళ్ళకి అట్లా పెరగడం మామూలేనన్నారు. కాబట్టి ఎవరైనా వేయించుకునే ముందు షుగర్ డాక్టర్‌ని కూడా అడగండి, ఆ వారం రోజూ చూసుకోండి. ఎనిమిది నెలలకి మళ్ళీ వచ్చింది, అప్పుడు చిన్న కోత కోసి ఆ ఉంగరం తెరిచినారు. ఆ బల్ల మీదే వేలు ముడిచి తెరిచి చూడమన్నారు, టక్కుమనకుండా తెరుచుకుంది. నలభై ఏండ్లు సుద్దముక్క పట్టిన వేలు, నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను.

పాత పల్సర్:

అన్నా ఫిజియో అన్నా, ఒకటి నువ్వు రాయలేదు, నేను రాస్తా ఎందుకంటే నా చెయ్యి దానివల్లే పాడైంది. రెండేళ్ళ కింద బైక్ స్కిడ్ అయి చెయ్యి ఆనించి పడ్డా. ఎక్స్‌రే తీస్తే ఏం లేదు, బెణికింది అన్నారు, నేను కూడా బెణుకే అనుకుని నాటు కట్టు కట్టించి పది రోజులకి విప్పేసి మళ్ళీ డ్యూటీకి పోయా. బొటనవేలు పైకి లేపితే దాని మొదట్లో రెండు తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది కదా, అక్కడ నొక్కితే నొప్పి మాత్రం ఏడాది పాటు పోలేదు. చివరికి ఎమ్మారై తీస్తే అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి అతుక్కోకుండా ఉండిపోయింది. ఆ ఎముకకి రక్తం వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుందట, మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం అందదు, అందుకే అంత మొండిది. తుంటి ఎముక నుంచి ముక్క తీసి పెట్టి స్క్రూ వేశారు, ఇప్పటికీ పుష్‌అప్ తీయలేను. మొదటి రోజు ఎక్స్‌రేలో ఆ పగులు కనపడకపోవచ్చంట, ఆ గుంటలో నొప్పి ఉంటే కట్టు ఉంచే పది పద్నాలుగు రోజులకి మళ్ళీ తీయాలంట. పడ్డోళ్ళు ఎవరైనా ఉంటే ఆ గుంట నొక్కి చూసుకోండి బాస్.

ఫిజియో కరీంనగర్:

తమ్ముడు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. పడ్డ చెయ్యి అయితే కట్టు కంటే ముందు ఎక్స్‌రే, నొప్పి ఆ గుంటల ఉంటే రెండోసారి ఎక్స్‌రే. మా దగ్గరికి ఇరవై ఏండ్ల పోరగాండ్లు ఇట్లనే ఏడాది తర్వాత వస్తరు.

మెట్‌పల్లి బిడ్డ:

అన్నా, అక్కా, అందరికి థ్యాంక్స్. శనివారం ఊరికి పోయిన. వాకిట్ల ఎండల అమ్మను కూసోపెట్టి రెండు చేతులు నా ఒళ్ల పెట్టుకుని చూసిన. కుడి చేతిల బొటనవేలు కింద కండ పల్లం పడ్డది అన్నా. ఎడమదిక్కు గుండ్రంగ ఉన్నది, కుడిదిక్కు ఎముక తగులుతుంది. అమ్మ గుడ అప్పుడే చూసుకున్నది, అట్లనే చూసుకుంట కూసున్నది, ఏం మాట్లాడలేదు. దూదితోని తాకితే ఉంగరంవేలు సరిగ్గ నువ్వు చెప్పినట్టే, ఒక సగం తెలుస్తుంది ఒక సగం తెలుస్తలేదు. థైరాయిడ్ టెస్ట్ చేపిస్తే టీఎస్‌హెచ్ 18 వచ్చింది, అంటే థైరాయిడ్ తక్కువున్నట్టట, గోలీలు షురూ చేసిండ్రు. గోలీలతోనే తగ్గుతదేమో చూద్దామా అని అడిగితే డాక్టర్, కండ పోయినంక ఆగొద్దు, రెండూ ఒక్కసారే కానియ్యండి అన్నడు.

మగ్గం అక్క మెసేజ్ అమ్మకి చదివి వినిపిచ్చిన, తెల్లారేదాక పడుకున్న అన్న మాట కాడ మళ్ల చదువు అన్నది. ఒప్పుకున్నది. హైదరాబాద్‌ల సర్కారు దవాఖానల చేస్తరా, ఏ డిపార్ట్‌మెంట్‌కు పోవాలె?

ఫిజియో కరీంనగర్:

చేస్తరు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లల్ల ఆర్థోపెడిక్స్ ఉన్నది, ప్లాస్టిక్ సర్జరీ గుడ ఉన్నది, చేతుల ఆపరేషన్లు రెండిట్ల చేస్తరు. ప్లాస్టిక్ సర్జరీ అంటే మొహానికి చేసేది అని వాపస్ రావొద్దు. కరెంట్ టెస్ట్ రిపోర్ట్, థైరాయిడ్ రిపోర్ట్ తీస్కపో. అమ్మకి ముందే చెప్పు, రాత్రి తిమ్మిరి తొందరగ పోతది, మొద్దుతనం మెల్లగ నెలల మీద తగ్గుతది, పోయిన కండ మొత్తం వాపస్ వస్తదని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఇంక పోకుండ ఆపుడే పెద్ద పని.

మెట్‌పల్లి బిడ్డ:

అప్‌డేట్ ఇస్త అన్న కదా. ఆపరేషన్ అయి ఇయ్యాల్టికి 16 రోజులు. ముందు గాజుల కాడ ఆగిపోయినం. కుడిచేతి గాజులు తీయాలె అంటే అమ్మ చెయ్యి ఇయ్యలేదు, మా నాన్న ఉండంగ ఎట్ల తీస్తనని. అక్కడున్న నర్సమ్మ, పెద్దామెనే, ఏం ఫికర్ చేయకమ్మా అని ఒక్కొక్కటి సబ్బుతోని తీసి అన్నీ ఎడమచేతికే తొడిగింది. ఎడమచేతికి రెండు డజన్ల గాజులతోని లోపలికి పోయింది. మెలకువతోనే ఉన్నది, డాక్టర్ సారు బీడీలు ఎట్ల చేస్తరు అని అడిగితే చెప్పుకుంట ఉన్నదట, ఆకు నానబెట్టుడు కాడికెల్లి షురూ చేసి మూతి మడిచే కాడికి వచ్చేసరికి కుట్లు వేసుడు అయిపోయిందట.

మగ్గం అక్కా, నువ్వు చెప్పినట్టే అయింది. ఆ రాత్రి నేను రెండింటికి లేచి చూసిన, మూడింటికి చూసిన, పండుకునే ఉన్నది. నాకే నిద్ర పట్టలేదు. నడిమివేలు కొసకి స్పర్శ వస్తుంది అంటుంది, చూపుడువేలు ఇంక మొద్దుగనే ఉన్నది. కుట్లు తీసిండ్రు. ఇప్పుడు పంచాది ఏందంటే సోమవారం సంది చాట పట్టుకుంట అంటుంది, టేకేదారు అమ్మ బీడీ కార్డు తీసేస్తడేమో అని భయం. పట్టొచ్చా అన్నా?

ఫిజియో కరీంనగర్:

ఇప్పుడే వద్దు చెల్లె. వేళ్లు ముడుచుడు తెరుసుడు రోజు చేయాలె, అన్నం కలుపుకోవచ్చు, జడ వేసుకోవచ్చు, కానీ గట్టిగ నొక్కిపట్టుడు, కత్తెర, బరువు ఆరు వారాల దాక వద్దు. ఆ తర్వాత గుడ ముందు డాక్టర్‌కు చూపిచ్చి, రోజుకి వందతోని షురూ చేసి వారానికి కొన్ని పెంచాలె. అరగంటకొకసారి చాట పక్కకు పెట్టి మణికట్టు సాపుగ చాపాలె. కత్తెర అన్నింటికన్న ఆఖరికి, దాని పిడికి మెత్తటి బట్ట చుట్టు, లావుగ ఉంటే తక్కువ నొక్కినా సరిపోతది. ఎడమచేతికి ఇప్పటి నుంచే రాత్రి పట్టీ కట్టు, ఒకదిక్కు వచ్చినోళ్లకు రెండోదిక్కు చానమందికి వస్తది. డాక్టర్ దగ్గర ఆపరేషన్ చీటీ రాపిచ్చుకుని టేకేదారుకు చూపియ్యి, నాన్నను తీస్కపో.

మెట్‌పల్లి బిడ్డ:

సరే అన్నా. నాన్న పోయి మాట్లాడి వచ్చిండు, రెండు నెలలు అమ్మ పేరు మీద మా చిన్నమ్మ చేస్తది. కత్తెర నాన్న పట్టుకున్నడు, రోజు పొద్దుగాల చిన్నమ్మకి ఆకు ఆయనే కత్తిరించి ఇస్తుండు, కొలత రేకు పెట్టి కోసినా వంకర పోతుంది, అమ్మ పక్కన కూసుని ఎడమచేతితోని చూపిస్తుంది. చిన్నోడి అమ్మ గారు, మీ చెయ్యి ఎట్లుంది?

చిన్నోడి అమ్మ:

చాలా నయం అండి, థ్యాంక్యూ. స్పైకా పట్టీ పెట్టుకుని, చాట ఎత్తినట్టు ఎత్తడం మొదలుపెట్టి పదిహేను రోజులైంది, కత్తితో కోసినట్టు ఉండే నొప్పి పోయింది, సీసా మూత దగ్గర ఇంకా పట్టేస్తోంది. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఏమన్నారో ఇక్కడే రాస్తాను. మీ అమ్మగారిని అడిగానని చెప్పండి.